కొండ మీది ప్రదర్శనశాల, నీటి కింది లోయ

నల్లమల కొండల నడుమ, విజయపురి సౌత్ రేవు నుండి లాంచీలో నాగార్జునకొండకు చేరే యాత్రికునికి ముందుగా కనిపించేది నీరు. ఆ నీటి అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్నది. మూడువైపులా కొండలు, నాలుగోవైపు కృష్ణానది కాపుగా ఉన్న ఆ లోయలో క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో స్తూపాలు, విహారాలు, దేవాలయాలు, స్నానఘట్టాలు పక్కపక్కనే వెలిశాయి. నేడు లోయ మునిగిపోగా, దానిని కావలి కాసిన కొండ ద్వీపమై మిగిలింది. లోయలోని శిల్పసంపద ఆ కొండ మీది పురావస్తు ప్రదర్శనశాలకు చేరింది.

1926లో స్థానిక ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య ఇచ్చిన సమాచారంతో ఈ స్థలం ప్రభుత్వ దృష్టికి వచ్చింది. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. ముంపు తప్పదని తేలిన ఆ దశలో, 1954–60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయ అంతటా విస్తృతంగా తవ్వకాలు సాగాయి. కొన్ని కట్టడాలను కొండపైన, మరికొన్నింటిని అనుపు వద్ద పునర్నిర్మించారు. పొలాలకు నీరందింది; శిల్పాలు దక్కాయి. దక్కనిది ఒకటున్నది: ఏ కట్టడం దేనికి ఎటువైపున, ఎంత దూరాన ఉండేదన్న స్థలసంబంధం.

విహారం తీరులో కట్టిన ఈ ప్రదర్శనశాలలో పలనాటి సున్నపురాతి ఫలకాలపై బుద్ధుని జీవితఘట్టాలు, మాంధాత జాతకం వంటి కథలు కనిపిస్తాయి. నిలువెత్తును మించిన బుద్ధప్రతిమ, మృతుల స్మృతికై నిలిపిన ఛాయాస్తంభాలు, మునిగిన లోయ నమూనా కూడా అక్కడే ఉన్నాయి. సందర్శకులు శిల్పాల ఎదుట ఎక్కువసేపు నిలుస్తారు. పరిశోధకుడు నిలవవలసిన చోటు మాత్రం ఆ లోయ నమూనా.

ఆ నమూనాను చదవడానికి తగిన మార్గదర్శి ఒక ఉపాసిక. పేరు బోధిసిరి. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో ఆమె వేయించిన ప్రాకృత శాసనం ఒక చైత్యగృహపు నేలరాళ్లపై ఉన్నది. శ్రీపర్వతంపై, విజయపురికి తూర్పు దిక్కున, చూళధమ్మగిరి విహారంలో ఆ చైత్యగృహాన్ని కట్టించినట్లు ఆమె స్పష్టంగా చెప్పింది. సింహళ విహారంలో బోధివృక్ష ప్రాసాదం, పూర్వశైల స్థానంలో తటాకం, మంటపం, కంటకశైల మహాచైత్యపు తూర్పు ద్వారం చెంత శిలామంటపం మొదలైన ఇతర దానాలనూ వాటి స్థలాలతో సహా పేర్కొన్నది. రాళ్లు కదిలిపోయినా ఈ వాక్యాలలో దిక్కులు కదలలేదు.

ఆ చైత్యగృహాన్ని ఆమె తామ్రపర్ణి ద్వీపపు థేరులకు అంకితం చేసింది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, అపరాంతం, వంగం, వనవాసి, యవన, దమిళ దేశాలు మొదలైనవాటికి ప్రసాదం కలిగించిన ఆచార్యులుగా వారిని శాసనం కీర్తిస్తుంది. ఈ జాబితా ఒక సంప్రదాయం తన ఘనతను చెప్పుకొన్న తీరు. దానిని యథాతథంగా చరిత్ర అనుకోలేము. అయినా ఈ కొండల లోయకు సముద్రం ఆవలి భిక్షువులతో నిత్యసంబంధం ఉండేదనడానికి సింహళ విహారం పేరే సాక్ష్యం. రాజు మేనత్త చాంతిసిరి మహాచైత్యానికి చేసిన దానాల సరసన, రాజవంశానికి చెందని ఈ స్త్రీ దానాలు నిలవడం కూడా గమనించదగినది.

శాసనం చివర మరికొన్ని పేర్లున్నాయి. పని నడిపించిన నవకమ్మికులు చందముఖ, ధమ్మనంది, నాగ అనే ముగ్గురు థేరులు. రాతిపని చేసిన శిల్పి విధిక. నిర్మాణ బాధ్యతను భిక్షువులే వహించారని, దాత పేరుతోపాటు శిల్పి పేరూ నిలపడం తగునని ఆనాటివారు భావించారని దీనివల్ల తెలుస్తున్నది.

నదీతీరపు స్నానఘట్టం సైతం కొండపైకి చేరిన ఈ చోట, శిల్పం ప్రక్కన ఉండే చిన్న పలక మీద కాలం, వస్తువు పేరు మాత్రమే సరిపోవు. ఆ రాయి లోయలో ఏ దిక్కున, ఏ నికాయపు విహారంలో, ఎవరి దానంగా నిలిచిందో కూడా చెప్పాలి. తవ్వకాల నివేదికలు, శాసనాలు, నమూనా మూడింటినీ కలిపి చదివితే అందులో చాలాభాగం నేటికీ సాధ్యమే. భిక్షువులకు ఇది కేవలం పురావస్తు విషయం కాదు: దానం ఇచ్చిన చోటు, అందుకొన్న సంఘం తెలియకపోతే మిగిలేది అందమైన రాయి మాత్రమే. బోధిసిరి ఆ రెంటినీ రాతిలో చెక్కించి వెళ్లింది. వాటిని చదివి చెప్పడం నేటివారి వంతు.