కాలయంత్రంలో రాయలవారి సభకు – ‘ఆదిత్య 369’పై మా చర్చ

తెలుగువారికి కాలయంత్రం అనగానే జ్ఞాపకం వచ్చే చిత్రం ‘ఆదిత్య 369’. సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వంలో 1991 జూలై 18న విడుదలైంది. మాటలు జంధ్యాలగారివి, సంగీతం ఇళయరాజాగారిది. ప్రొఫెసర్ రామదాసు తయారుచేసిన యంత్రంలో కృష్ణకుమార్, హేమ అనే యువజంట 1526వ సంవత్సరంలోని విజయనగర రాజ్యానికి వెళ్తుంది. ఆ తర్వాత 2504వ సంవత్సరానికి వెళ్తుంది. కృష్ణకుమార్‌గానూ, శ్రీకృష్ణదేవరాయలుగానూ బాలకృష్ణగారే నటించారు.

2025 ఏప్రిల్‌లో ఈ చిత్రం మళ్లీ థియేటర్లకు వచ్చింది. మనుమలతో చూసివచ్చిన మా గిలకలదిండి మిత్రుల మధ్య పెద్ద చర్చే నడిచింది. ఒకరు తప్పుల పట్టిక తయారుచేశారు. మరొకరు “సినిమాకు చరిత్ర పరీక్ష ఏమిటండీ!” అని కోప్పడ్డారు. పదవీ విరమణ చేసేదాకా బడిలో చరిత్ర చెప్పినవాణ్ణి గనుక ఆ పట్టిక నా చేతికి వచ్చింది. అందులోని ముఖ్యాంశాలను పాఠక మిత్రుల ముందుంచుతున్నాను.

మొదటి ఆక్షేపణ యంత్రం మీద. అది కాలంలో కదిలేదే గాని చోటు మారేది కాదు గదా, ప్రయోగశాల నుండి రాయలవారి రాజ్యానికి ఎలా చేరిందని ప్రశ్న. ఈ చిత్రానికి ప్రేరణ అయిన హెచ్.జి. వెల్స్ నవల ‘ద టైమ్ మెషిన్’ 1895లో వచ్చింది. అందులో భవిష్యత్తులోని జనం యంత్రాన్ని కొంతదూరం ఈడ్చుకుపోతారు. తిరిగి వచ్చేసరికి అది ప్రయోగశాలలో రెండోవైపున తేలుతుంది. వెల్స్ అంత లెక్కగా రాశాడు. అయినా ఆయన యంత్రానికీ ఒక చిక్కు ఉంది. భూమి సూర్యుని చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. కాలం మాత్రమే మారితే యంత్రం దిగేచోట భూమే ఉండదు! కాబట్టి ఈ లోపం కాలయంత్రం కథలన్నిటికీ ఉన్నదే. మన చిత్రాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టి లాభం లేదు.

రెండవది భాష. 1991 నాటి తెలుగు 1526లో వారికెలా అర్థమైంది? నాటి శాసనాల్లోని తెలుగును మనం కూడబలుక్కుని చదివితే చాలావరకు బోధపడుతుంది. వారికి మన మాట అంతకంటే కష్టమయ్యేదేమో గాని, కథ నడవడానికి ఈపాటి సౌకర్యం ఇవ్వవచ్చు.

మూడవది తెనాలి రామకృష్ణుడు. చంద్రమోహన్‌గారు ధరించిన పాత్ర అది. అసలు ఆయన రాయలవారి సభలో ఉన్నాడా? పెద్దన మనుచరిత్రను, తిమ్మన పారిజాతాపహరణాన్ని రాయలవారికే అంకితం చేశారు. రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యం విరూరి వేదాద్రి మంత్రికి అంకితం. ఆయన ఇతర కావ్యాల్లో కూడా రాయలవారికి అంకితమైనది లేదు. అందుకే ఆయన రాయల తరువాతి కాలపు కవి అని కొందరు పండితులు వాదించారు. మరి సినిమాది తప్పా? నా దృష్టిలో కాదు. ఆ నమ్మకం జనం నోట తరతరాలుగా ఉన్నది. 1956లో వచ్చిన ‘తెనాలి రామకృష్ణ’ చూసి పెరిగిన మనమూ అదే నమ్మాము. ఆ చిత్రంలో రాయలు మన నిమ్మకూరు రామారావుగారే.

నాల్గవది పట్టికలో లేదు. నా లెక్కలో అసలైన చిక్కు అదే, 1526 అనే సంవత్సరం. అది శాలివాహన శకం 1448, వ్యయనామ సంవత్సరం. చిత్రంలో రాయలవారి సభ నాట్యాలతో, చమత్కారాలతో కళకళలాడుతుంది. ఆ రోజులు నిజానికి ఎలాంటివి? రాయలవారు పోయిన కొన్నేళ్లకు అక్కడ ఉన్న నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాసిపెట్టాడు. రాయలు ఆరేళ్ల కొడుక్కి పట్టంకట్టి తాను మంత్రిగా నిలిచాడట. కొద్దినెలలకే పిల్లవాడు మరణించాడు. విషప్రయోగమని అనుమానించి తిమ్మరుసును చెరలో వేయించి, కళ్లు తీయించాడని ఆ వర్తకుడి కథనం. 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’ చూసిన మనకు ఆ ఘట్టం తెలిసినదే. ఇదంతా 1524 ప్రాంతపు మాట. అంటే మన యువజంట కొడుకును పోగొట్టుకున్న తండ్రి సభలో దిగింది. కీలు ఓ పదేళ్లు వెనక్కి తిప్పి ఉంటే కొండవీడు గెలిచిన ఉత్సాహంలో ఉన్న రాయలు కనిపించేవాడు.

ఇంత చెప్పాక మా మిత్రులొకరు సూటిగా అడిగారు. “రామకృష్ణుణ్ణి సభలోంచి లేపేశారు. మరి మన శ్రీకాకుళం కల సంగతేమిటి? అదీ కట్టుకథేనా?” ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఆంధ్ర మహావిష్ణువు రాయలవారికి కలలో కనిపించి, తెలుగులో ఆముక్తమాల్యద రాయమన్నాడని మన దివిసీమ వైపు చిన్నపిల్లలకూ తెలుసు. ఆ ప్రశ్నకు అందరూ ఒక్కసారిగా మౌనం వహించారు. మన ఊరి గౌరవం గదా!

రేవులో చేపలు తూచే కాటాకు సొంత పడవ, పరాయి పడవ అన్న భేదం ఉండదు. రామకృష్ణుణ్ణి తూచినట్లే దీన్నీ తూచాలి. కల విషయం ఎక్కడో జనశ్రుతి కాదు, కావ్యం మొదట్లో రాయలవారే స్వయంగా చెప్పుకున్నది. కళింగ దండయాత్రలో విజయవాడలో కొన్నాళ్లుండి, శ్రీకాకుళం వచ్చి, హరివాసరం నాడు ఉపవాసం ఉన్నానంటారు. 1515లో కొండవీడు పట్టుకున్నారు, 1516లో సింహాచలంలో శాసనం వేయించారు. ఈ రెంటి మధ్య మన తీరాన సాగిన ప్రయాణానికి ఆయన మాట చక్కగా సరిపోతుంది. ప్రయాణం చరిత్ర. కల మాత్రం ఆయన ఒక్కరికే తెలిసినది, దానికి మరో సాక్షి ఉండడు. ఇలా చెబితే మన ఊరి విలువ తగ్గదనే నా అభిప్రాయం. ప్రశ్న వేసిన మిత్రులు పూర్తిగా ఒప్పుకోలేదు గాని, కావ్యం తీసి చదువుతానన్నారు.

ఇంకొక్క మాట. రాయలవారిని కళ్లారా చూసిన పేస్ అనే మరో పోర్చుగీసు యాత్రికుడు ఆయన మధ్యరకం ఎత్తు, చామనఛాయ కాని మంచి రంగు, సన్నం కంటే కాస్త లావు, ముఖాన మశూచి మచ్చలు అని రాశాడు. ఆ మచ్చలు ఏ సినిమాలోనూ కనిపించవు. ఎవరూ దాన్ని తప్పుల పట్టికలో రాయలేదు కూడా!

సెలవుల్లో మనుమలు వచ్చినప్పుడు ఈ చిత్రం తప్పక చూపించండి. తర్వాత వీలుంటే శ్రీకాకుళం తీసుకువెళ్లి ఆంధ్ర మహావిష్ణువు దర్శనం చేయించండి. దారిలో ఏది శాసనంలో ఉంది, ఏది కవి చెప్పాడు, ఏది జనం చెప్పుకున్నారు అని వాళ్లనే వేరుచేయమనండి. చిత్రంలో మనం పట్టుకోని తప్పులు వాళ్లు పట్టుకుంటే, వచ్చే సంచికకు రాసి పంపమనండి.