సీపీఆర్: ప్రజా శిక్షణ చరిత్ర

గుండె హఠాత్తుగా ఆగిపోయిన మనిషి ఛాతీని లయబద్ధంగా నొక్కుతూ, మెదడుకు రక్తం అందేలా చూసే అత్యవసర ప్రక్రియ సీపీఆర్. గుండెపోటు వేరు, కార్డియాక్ అరెస్ట్ వేరు. గుండెపోటులో గుండెకు రక్తం అందించే నాళం పూడుకుపోతుంది. రోగి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు. కార్డియాక్ అరెస్ట్‌లో గుండె రక్తాన్ని పంపడమే మానేస్తుంది. మనిషి కుప్పకూలిపోతాడు, ఊపిరి సరిగా ఆడదు. సీపీఆర్, విద్యుత్ షాక్ చికిత్స అందకపోతే నిమిషానికి సుమారు 7 నుంచి 10 శాతం చొప్పున బతికే అవకాశం తగ్గుతుందని అంచనా. అందుకే అంబులెన్సు వచ్చేలోగా పక్కనున్నవారు చేసే సాయం అమూల్యం.

ఆరంభం

1950ల చివర్లో పీటర్ సఫార్, జేమ్స్ ఎలమ్ నోటితో శ్వాస అందించే పద్ధతి పనిచేస్తుందని నిరూపించారు. అప్పటికి ఆగిన గుండెను ఆడించాలంటే ఛాతీ కోసి, గుండెను చేత్తో పిసకడమే వైద్యులు ఎక్కువగా అనుసరించిన మార్గం. కోత లేకుండా పైనుంచి నొక్కినా రక్తం పారుతుందని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విలియం కౌవెన్‌హోవెన్, జేమ్స్ జూడ్, గై నికర్‌బాకర్ ప్రకటించారు. వీరిలో కౌవెన్‌హోవెన్ ఎలక్ట్రికల్ ఇంజనీరు. నార్వేకు చెందిన బొమ్మల తయారీదారు ఆస్మండ్ లేర్డాల్ రూపొందించిన శిక్షణ బొమ్మతో సాధన సులువైంది. అయినా 1966లో అమెరికాలో జరిగిన జాతీయ సదస్సు ఈ శిక్షణను వైద్య, అనుబంధ సిబ్బందికే సిఫార్సు చేసింది.

సియాటిల్ ప్రయోగం

శిక్షణ వైద్య సిబ్బందికే అన్న ఆ గీతను చెరిపింది అమెరికాలోని సియాటిల్ నగరం. అక్కడి వైద్యుడు లెనార్డ్ కాబ్, అగ్నిమాపక శాఖ అధిపతి గోర్డన్ వికరీ 1970లో ‘మెడిక్ వన్’ అంబులెన్సు సేవను ప్రారంభించారు. అయితే అంబులెన్సు ఎంత వేగంగా వెళ్లినా తొలి నిమిషాలు చేజారుతున్నాయి. ఆ నిమిషాలను కాపాడగలిగేది అక్కడున్న పౌరులేనని గ్రహించి 1972లో ‘మెడిక్ టూ’ పేరిట సామూహిక శిక్షణ మొదలుపెట్టారు. తొలి రెండేళ్లలోనే లక్ష మందికి పైగా నేర్చుకున్నారు. 1974 నాటి అమెరికా ప్రమాణాలు సామాన్య ప్రజలకూ శిక్షణ ఇవ్వాలన్నాయి. 1980లలో సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో, అత్యవసర ఫోన్ అందుకున్న సిబ్బందే సీపీఆర్ ఎలా చేయాలో చెప్పి చేయించే విధానం రూపుదిద్దుకుంది.

నోటిశ్వాస లేకుండా

కొత్తవారి నోటికి నోరు ఆనించడానికి చాలామంది జంకుతారు. పెద్దవారు కళ్లెదుటే కుప్పకూలితే శిక్షణ లేనివారు ఛాతీ నొక్కడం ఒక్కటే చేసినా చాలని 2008లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచించింది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలి.

తెలుగు నేలపై

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. 2023 ఫిబ్రవరిలో నగరంలో నడిరోడ్డుపై కుప్పకూలిన వ్యక్తికి ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకరు సీపీఆర్ చేసి ప్రాణం నిలిపిన వీడియోను రాష్ట్రమంతా చూసింది. అదే ఏడాది మార్చిలో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అయితే ఆసుపత్రి బయట సంభవించే కార్డియాక్ అరెస్ట్‌లలో అధికభాగం ఇళ్లలోనే జరుగుతాయి. కాబట్టి ఈ విద్య పోలీసులకు, వైద్య సిబ్బందికే పరిమితం కాకుండా ఇంటింటికీ చేరాలి. ప్రతి కుటుంబంలో కనీసం ఒక్కరైనా నేర్చుకోవాలి.