రోగి నిద్ర, మంచం లెక్క

రోగి నిద్ర వైద్యుడి చేతిలోని మందుమాత్రమని మనలో చాలామంది భావిస్తారు. అంతకుముందు అది మంచాల లెక్క అని నా అభిప్రాయం. పారిస్‌లోని ఓతెల్ ద్యూ చరిత్ర చూడండి. శస్త్రవైద్యుడు తెనోన్ 1788లో ప్రకటించిన గ్రంథంలో అక్కడి పెద్ద మంచాలను వర్ణించాడు. ఒక్కొక్క దాని మీద నలుగురు, ఒక్కొక్కప్పుడు ఆరుగురు! ఒకడు ఒత్తిగిలితే అందరూ మేలుకోవలసిందే. కోలుకుంటున్నవాడి పక్కనే ప్రాణం పోతున్నవాడు. అది ధర్మాసుపత్రి మరి. శతాబ్దాలుగా దయకు అక్కడ లోటు లేదు, నిద్రకే లోటు. రోగికొక మంచం ఉండాలని 1793లో శాసించింది విప్లవ ఫ్రాన్సు కన్వెన్షన్. (శాసించగానే మంచాలు పుట్టుకురాలేదనుకోండి.)

మంచం దొరికిన తర్వాతే చప్పుడు ప్రశ్న. తొలినిద్రలో రోగిని లేపడం ఎంత హానికరమో 1860 నాటికే ఫ్లారెన్స్ నైటింగేల్ రాసింది. రాత్రివేళ వార్డులో 30 డెసిబెళ్లు మించరాదని 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

నిరుడు జ్వరాల రోజుల్లో ఒక ఆసుపత్రిలో మా అమ్మకు తోడుగా రెండు రాత్రులున్నాను. మంచానికి ఇద్దరు. అమ్మ కాళ్లవైపు తల పెట్టుకున్న ఆవిడ అర్ధరాత్రి లేచి కూచుంది.

"కాసేపు కాళ్లు చాపుకో వదినా, తర్వాత నేను పడుకుంటా" అంది.

తెల్లవారేదాకా వాళ్లిద్దరూ వంతులు వేసుకున్నారు.