ఐపీ పెడితే ఇంట్లో ఏం మిగులుతుంది?

మొన్న పని మీద మల్కాపురం వెళ్ళాను. టీ కొట్టు దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, "వాడు ఐపీ పెట్టేశాడంట, బాగానే వెనకేసుకుని ఉంటాడు" అని. మన ఊళ్ళల్లోనూ ఇదే మాట. ఐపీ పెట్టినోడంటే దొంగే అయిపోయాడు. అసలు ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. అప్పులు తీర్చలేనని కోర్టుకి చెప్పుకునే దరఖాస్తు. దాని చట్టం 1920లో వచ్చింది. 2016లో కొత్త దివాళా చట్టం చేశారు గానీ, మనలాంటోళ్ళకి ఇప్పటికీ పాతదే.

కోర్టు దివాళా అని తేల్చాక ఆస్తి రిసీవర్ చేతికి పోతుంది. కానీ అన్నీ పోవు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొన్నిటిని ముట్టుకోవద్దంది. కట్టుబట్టలు, వంట గిన్నెలు, మంచం, పరుపు. మతాచారం ప్రకారం ఆడమనిషి తీయకూడని నగ, అంటే మన పుస్తెలు. రైతుకైతే వ్యవసాయ పనిముట్లు, బతకడానికి అవసరమని కోర్టు అనుకున్న పశువులు, విత్తనాలు, తను కాపురముండే ఇల్లు. తెల్లోడి కాలంలో రాసిన చట్టం ఇది. రైతు దగ్గర నాగలి లాగేస్తే శిస్తెవరు కడతారనుకున్నాడో ఏమో!

మా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒకాయనకి ఇది తెలీదు. అన్నీ పట్టుకుపోతారని భయపడి ఎడ్లని సంతలో వచ్చిన కాడికి అమ్మేశాడు. పొలం బావమరిది పేర ఊరికే రాసేసి, ఏడాది తిరక్కుండా ఐపీ పెట్టాడు. అలా రాసిన రెండేళ్ళలోపు ఐపీ పెడితే ఆ రాత రద్దు చేయించొచ్చని 53వ సెక్షన్లో ఉంది. రిసీవర్ అదే చేయించాడు. పొలం పోయింది, బావమరిదితో మాటలూ పోయాయి. మిగలాల్సిన ఎడ్లని మాత్రం తనే పోగొట్టుకున్నాడు.

మన తాతల కాలంలో ఇంకోటి జరిగింది. అప్పుడు విశాఖ మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1938లో రాజాజీ ప్రభుత్వం రైతుల రుణ విముక్తి చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకి ముందు చేసిన అప్పులకి, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ కొట్టేసింది. అసలుకి రెట్టింపు కట్టేసి ఉంటే ఆ అప్పు తీరినట్టే. ఐపీ అవసరం లేకుండానే చాలామందికి ఊపిరాడింది.

ఇప్పుడు సంగతి వేరు. తాకట్టులో ఉన్న వస్తువు మీద అప్పిచ్చినోడి హక్కు ఐపీ పెట్టినా పోదు. ఎడ్ల బదులు ట్రాక్టరు వచ్చింది, అది ఫైనాన్సు మీద. పుస్తెల గొలుసు బ్యాంకులో. కోర్టు వదిలేయమన్న వస్తువులే మనం ముందు సంతకం పెట్టి ఇచ్చేస్తున్నాం. మా ట్రాక్టరు ఆర్‌సీ బుక్కులోనూ ఫైనాన్సు వాళ్ళ పేరే ఉంది, ఇంకా పద్నాలుగు వాయిదాలు.