భయపెట్టే మాటల పుట్టుపూర్వోత్తరాలు

ఎదుటి మనిషిని జడిపించడానికి మన తెలుగులో మాటలకు కరువు లేదు. బెదిరించడం, దబాయించడం, గదమాయించడం, గుడ్లురమడం, హడలగొట్టడం... ఒక్కోదానికీ ఒక్కో మోతాదు. ఈ విషయంలో ఇంగ్లీషూ తక్కువ తిన్నదేమీ కాదు. ఆ మాటల పుట్టుక వెతుక్కుంటూ పోతే చరిత్రలో చాలా దూరం నడవాల్సి వస్తుంది.

బడిపిల్లలకు కూడా తెలిసిన 'బుల్లీ' సంగతే చూడండి. 1530ల నాటి ఇంగ్లీషులో అది ముద్దుమాట. ప్రియమైన మనిషిని అలా పిలిచేవారు. నూట యాభై ఏళ్ళు తిరిగేసరికి అదే మాట బలహీనుణ్ణి ఏడిపించేవాడికి పేరైంది. 'డాంట్' అనే మాటకు మూలం లాటిన్‌లో జంతువును లొంగదీసుకోవడం. 'బుల్‌డోజ్' కథ మరీ ఘోరం. మనకది ఇళ్ళు కూల్చే యంత్రంగానే తెలుసు. కానీ 1876 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికల రోజుల్లో, లూసియానాలో నల్లజాతి వోటర్లను కొరడాలతో కొట్టి భయపెట్టడాన్ని ఆ మాటతో పిలిచారు. యంత్రానికి ఆ పేరు చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది.

మన దేశంలో ఈ మాటలకు చట్టం ముద్ర కూడా పడింది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 503వ సెక్షన్‌లో 'క్రిమినల్ ఇంటిమిడేషన్'ను నిర్వచించారు. శిక్ష 506లో. ఇంగ్లీషు ముక్క రానివాళ్ళు కూడా మా ఊళ్ళో "వాడి మీద 506 పెట్టారంట" అని చెప్పుకునేవారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్ అయింది. ఒంటికో, ఆస్తికో, పరువుకో హాని చేస్తానని చెప్పి మనిషిని భయపెట్టడం నేరం అని దాని సారాంశం.

ఇంతవరకూ చెప్పినవన్నీ భయపెట్టడానికి ఉన్న పేర్లు. మరి నిజంగా భయపెట్టే మాటలు ఎలా ఉంటాయి? అది నాకు ఖైతాన్‌లో తెలిసింది.

కువైట్ విమానాశ్రయానికి దగ్గరలో, ఫర్వానియా గవర్నరేట్‌లో ఉంటుంది ఖైతాన్. ఒక్కో గదిలో అయిదారుగురు సర్దుకుని బతికే భవంతులు. కడప నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వచ్చినవాళ్ళు కొందరు శుక్రవారం నా గదికి కాగితాలు పట్టుకొచ్చేవాళ్ళు, చదివి చెప్పమని. ఆ కాగితాల్లో ఎక్కడా తిట్టు ఉండదు, గద్దింపు ఉండదు. నాలుగే నాలుగు మాటలు పదే పదే కనపడేవి. స్పాన్సర్, క్యాన్సిల్, అబ్‌స్కాండింగ్, డిపోర్ట్.

కువైట్‌లో ఇంగ్లీషు పలుకుబడి ఈనాటిది కాదు. 1899 ఒప్పందం నుంచి 1961లో స్వాతంత్ర్యం వచ్చేదాకా ఆ దేశం బ్రిటిష్ రక్షణలో ఉంది. 1961 దాకా అక్కడ చెల్లింది కూడా మన రూపాయే. ఆయిల్ కంపెనీల ఇంగ్లీషు ఆఫీసుల్లో స్థిరపడింది. ఆ ఆఫీసు మాటలే అరబ్బీ మాటల పక్కన నిలబడి మనవాళ్ళ గుండెల్లో దిగాయి.

ఆ నాలుగింటి మూలాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 'స్పాన్సర్' అంటే లాటిన్‌లో పూచీ పడినవాడు. అరబ్బీ 'కఫీల్'కు కూడా అర్థం అదే. మనకోసం మాట ఇచ్చి నిలబడాల్సిన మనిషి పేరు అది. ఆ పేరు వింటేనే వణుకు పుట్టడం ఎంత విడ్డూరం! 'క్యాన్సిల్' లాటిన్‌లో జాలీ కిటికీకి ఉన్న పేరు నుంచి వచ్చింది. రాసినదాని మీద అడ్డగీతలు గీసి కొట్టేస్తే జాలీలాగే కనపడుతుంది కదా! అకామా మీద ఆ గీత పడితే మనిషి కటకటాల వెనక నిలబడ్డట్టే. 'డిపోర్ట్' అంటే మోసుకుపోవడం. రోమన్లు నేరస్థులను దీవులకు పంపడాన్ని ఆ మాటతోనే చెప్పేవారు.

ఇక 'అబ్‌స్కాండ్' అంటే దాక్కోవడం. ఒకసారి రాయచోటి వైపు నుంచి వచ్చిన చెల్లెలొకామె అడిగింది, "అన్నా, మా మామా అబ్‌స్కాండింగ్ పెడ్తానంటాంది. అంటే జైలేనా?" అని. మామా అంటే ఇంటి యజమానురాలు. జీతం రాక మూడు నెలలు. ఆమె దాక్కోవాలనుకోవడం లేదు. భారత రాయబార కార్యాలయానికి పోయి, అందరి ఎదుటా గోడు చెప్పుకోవాలనుకుంటోంది. దాక్కున్నవాళ్ళ పేరు ఆమెకు పెట్టడమే అసలు బెదిరింపు.

ఆ మాటకు జంకడం అజ్ఞానం అనలేను. యజమాని పరారీ అని రిపోర్టు ఇస్తే అకామా పోవచ్చు, దేశం దాటించొచ్చు. కానీ ఆమెకు ఎవరూ చెప్పనివి కొన్ని ఉన్నాయి. 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్ళకు వారానికో సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని ఇచ్చింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదంది. 2016లో కనీస జీతం 60 దినార్లని నిర్ణయించారు. జీతం బాకీ ఎన్ని నెలలో, ఎంతో, తేదీలతో ఒక తెల్లకాగితం మీద రాయించాను. కింద సంతకం చేసేటప్పుడు ఆమె చెయ్యి వణకలేదు.

యజమానులందరూ అలాంటివాళ్ళని నేననను. సొంత బిడ్డలా చూసుకున్నవాళ్ళ ఇళ్ళలో ఇరవై ఏళ్ళు పనిచేసినవాళ్ళు నాకు తెలుసు. నా మాటల్లా ఆ నాలుగు పదాల గురించే. 'చంపుతా' అంటే 351 ఉంది. 'క్యాన్సిల్ చేస్తా' అంటే ఏ సెక్షనూ లేదు. అది హక్కులా వినపడుతుంది. బెదిరింపని పేరు లేని బెదిరింపుకు ఎదురు చెప్పడం కష్టం.

అందుకే గల్ఫ్‌కు బయల్దేరే ప్రతివాళ్ళకూ వీసా కాగితంతో పాటు ఈ నాలుగు మాటల అర్థం కూడా చెప్పి పంపాలని నా కోరిక. వీలైతే అయిదో మాట కూడా. 2018లోనూ, 2024లోనూ అకామా లేనివాళ్ళను జరిమానా లేకుండా ఇంటికి వెళ్ళనిచ్చినప్పుడు కువైట్‌లో మార్మోగిన మాట 'ఆమ్నెస్టీ'. మన పేపర్లు క్షమాభిక్ష అని రాశాయి. గ్రీకులో దాని అర్థం మరచిపోవడం. క్షమించమని అడగడానికి ఆ చెల్లెలు చేసిన తప్పేమిటి? ఆమె మీద పడ్డ ఆ పేరును మరచిపోతే చాలు.