తెరపై చూచి, పొత్తమున వెదకి

కొల్లేటి లంకలలో పుట్టి పెరిగినవానికి చీకటిరాత్రి దోనెపై పోవుట యెట్టిదో వేరొకరు చెప్పనక్కరలేదు. తాటిదోనె అంచు నీటిమట్టమున కించుక పైననే యుండును. తుంగదుబ్బుల నడుమ గడ వేయు చప్పుడు దక్క మరియొక సవ్వడి వినరాదు. 1985 ప్రాంతమున దూరదర్శన్ జాతీయ ప్రసారములలో ఫారూఖ్ షేక్ కథానాయకుడుగా ‘శ్రీకాంత్’ ధారావాహికను చూచి, పిమ్మట వంగ రచయిత శరత్‌చంద్రుడు నాలుగు భాగములుగా వ్రాసిన మూలనవలను చేతబట్టినవానికి, తొలిభాగముననే యిట్టి రాత్రి యొకటి యెదురగును. ఇంద్రనాథుడను సాహసబాలుడు శ్రీకాంతుని వెంటబెట్టుకొని, నడిరేయి గంగపై చిన్నపడవలో, జాలరుల చేపలు దొంగిలింప బయలుదేరును. వలకట్టుకు కాపలా పండుకొను కొల్లేటివానికి మొదట కోపమే వచ్చును. ఆ సొమ్ము అన్నదాదీది యను దుఃఖినికొరకని తెలిసినపిదప ఆ కోపమే కన్నీరగును.

తెరనుండి పుస్తకమునకు నడచు ఈ బాట మనకు క్రొత్తది కాదు. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున అక్కినేని, సావిత్రి నటించిన ‘దేవదాసు’ శరత్ నవలకు తెరరూపమే. 1957లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘తోడికోడళ్లు’ శరత్ ‘నిష్కృతి’కి తెలుగు లోగిలి. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణల అనువాదములవలన శరత్ తెలుగువారి యింటి రచయిత యయ్యెను. పిదప టెలివిజన్ ఆ పాత చిత్రములనే మరల మరల ముంగిటికి దెచ్చి, హాలులో వానిని చూడని తరమునకు సైతము మూలకథపై మక్కువ గలిగించెను.

చూచినపిమ్మట చదువుట చిన్నతన మని కొందరందురు. తోలుబొమ్మలాటలో రాముని చూచి, హరికథలో ప్రహ్లాదుని విని, ఆపైన గదా మన పల్లెలవారు రామాయణ భాగవతముల పుటలు విప్పినది! అక్షరమునకు ముందు బొమ్మ నడచుట మన సంప్రదాయమే. అయితే బొమ్మ నిలిచినచోట అక్షరము నిలువదు. దేవదాసు మరణముతో కథ ముగిసినదని తలంచువారు నవల కడపటి పేరా చూడవలెను. అచ్చట శరచ్చంద్రుడు తానే పాఠకుని యెదుటికి వచ్చి, ఆ అభాగ్యునిపై కాస్త జాలి చూపుమని, అతనికొరకు ప్రార్థింపుమని వేడుకొనును. ఆ కంఠము కథలోని పార్వతిది కాదు, చంద్రముఖిది కాదు, గ్రంథకర్తది.

ఏలూరి గ్రంథాలయమున కేగినపుడు ‘దేవదాసు’ పొత్తమును అడిగి తీసికొనుడు. ఆ వేడికోలు చెవినబడవలె నన్నచో చివరిపుటవరకు చదువవలసినదే.