అభిమానానికి వెల: ‘ఘోస్ట్స్ 1–4’ ఆల్బమ్ ఆదరణ చరిత్ర (2008–2020)

వ్యాససంగ్రహం

అమెరికాకు చెందిన ఇండస్ట్రియల్ రాక్ బృందం ‘నైన్ ఇంచ్ నెయిల్స్’ 2008లో రికార్డు కంపెనీ ప్రమేయం లేకుండా ‘ఘోస్ట్స్ 1–4’ ఆల్బమ్‌ను విడుదల చేసింది. ఆ ఆల్బమ్‌కు అభిమానుల నుంచి లభించిన ఆదరణను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. కొంతభాగాన్ని ఉచితంగా ఇచ్చి, మొత్తం సంగీతాన్ని పునర్వినియోగించుకునే వీలు కల్పించడం వల్ల అభిమానులు కొనుగోలుదారులుగానే కాక సృష్టిలో భాగస్వాములుగానూ మారారు. అయితే ఆ ఉచితానికి అయిన ఖర్చును ఎవరు భరించారు, ఆ స్వేచ్ఛ ఎక్కడివరకు చెల్లింది అన్న రెండు ప్రశ్నలను పరిశీలించినప్పుడే ఈ ఆదరణ అసలు స్వరూపం తేటపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఇండస్ట్రియల్ రాక్, అభిమాన సంస్కృతి, నైన్ ఇంచ్ నెయిల్స్, ఘోస్ట్స్ 1–4, క్రియేటివ్ కామన్స్, రీమిక్స్.

1. ఉపోద్ఘాతం

భారతీయ అలంకారశాస్త్రం రసాస్వాదనకు సహృదయుణ్ణి ఆధారంగా చేసుకుంది. అతని ఆస్వాదన అంతరంగంలో జరిగే ప్రక్రియ. ఆధునిక కాలపు అభిమాని ఆస్వాదన అక్కడ ఆగదు. వస్తువులు కొనడం, సేకరించడం, చర్చించడం, అనుకరించడం, తిరగరాయడం వంటి పనులుగా అది వెలుపలికి వస్తుంది. అభిమానులు తమకు నచ్చిన కృతిలోంచి కావలసినవి తీసుకుని కొత్త రచనలు చేస్తారని హెన్రీ జెన్కిన్స్ 1992లో వెలువరించిన ‘టెక్స్చువల్ పోచర్స్’ గ్రంథంలో నిరూపించారు. తెలుగు సందర్భంలో ఎస్.వి. శ్రీనివాస్ ‘మెగాస్టార్’ (2009) గ్రంథం చిరంజీవి అభిమానులను ఆధారం చేసుకుని ఈ విషయాన్ని చర్చించింది. అభిమాని విధేయత షరతులకు లోబడినదనీ, తారపై తనకూ కొంత హక్కు ఉందని అతడు భావిస్తాడనీ ఆయన పరిశోధన గుర్తుచేస్తుంది.

ఈ హక్కు భావనను కళాకారుడే అంగీకరించి, దానికి చట్టబద్ధమైన రూపం ఇస్తే ఏమవుతుంది? సినిమాలో ఇది అరుదు. నిర్మాణవ్యయం, పంపిణీ వ్యవస్థ అందుకు అవకాశమివ్వవు. సంగీతంలో అటువంటి ప్రయత్నం జరిగింది. అందుకు ‘ఘోస్ట్స్ 1–4’ స్పష్టమైన నిదర్శనం.

2. నేపథ్యం

ఇండస్ట్రియల్ సంగీతానికి ఆ పేరు 1976లో లండన్‌లో ‘థ్రాబింగ్ గ్రిసిల్’ బృందం స్థాపించిన ఇండస్ట్రియల్ రికార్డ్స్ సంస్థ నుంచి వచ్చింది. యంత్రధ్వనులు, టేపు ముక్కలు, వికృతం చేసిన శబ్దాలు ఈ సంగీతానికి ముడిసరుకు. ఇతరుల ధ్వనులను కోసి అతికించడం దీని పుట్టుకలోనే ఉంది. ఈ పద్ధతిని రాక్ పాటల నిర్మాణంతో మేళవించి విస్తృత శ్రోతృవర్గానికి చేరవేసినవారిలో ట్రెంట్ రెజ్నర్ ప్రముఖుడు. 1988లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన క్లీవ్‌లాండ్ నగరంలో ఆయన నైన్ ఇంచ్ నెయిల్స్‌ను ప్రారంభించారు. 1989లో ‘ప్రెట్టీ హేట్ మెషీన్’, 1994లో ‘ద డౌన్‌వర్డ్ స్పైరల్’ ఆల్బమ్‌లు వెలువడ్డాయి.

ఈ బృందం అభిమానుల సేకరణాసక్తిని తొలినుంచీ ప్రోత్సహించింది. ప్రధాన విడుదలలకు ‘హేలో’ అనే వరుస సంఖ్యను కేటాయించడం ఇందులో భాగం. ‘ఘోస్ట్స్ 1–4’ ఈ వరుసలో 26వది. సంఖ్య ఉన్నచోట లోటు కనిపిస్తుంది. లోటు కనిపించినచోట దాన్ని పూరించాలన్న కోరిక పుడుతుంది. 2005లో రెజ్నర్ మరో అడుగు వేశారు. ‘ద హ్యాండ్ దట్ ఫీడ్స్’ పాటలోని వాద్యాలను, గాత్రాన్ని వేర్వేరు పొరలుగా విడదీసి, అభిమానులు తమ కంప్యూటర్లలో మార్చుకోగలిగే రూపంలో విడుదల చేశారు. పాట పూర్తయిన వస్తువుగా కాక, పనిచేసుకోదగిన సామగ్రిగా అభిమాని చేతికి అందింది.

2007లో ‘ఇయర్ జీరో’ ఆల్బమ్ సమయంలో ధరల వివాదం తలెత్తింది. ఆస్ట్రేలియాలో ఆ ఆల్బమ్‌కు ఇతర ఆల్బమ్‌ల కంటే ఎక్కువ ధర పెట్టడాన్ని రెజ్నర్ బహిరంగంగా విమర్శించారు. నిజమైన అభిమానులు ఎంతయినా చెల్లిస్తారు కాబట్టే ఆ ధర అన్నది తనకు కంపెనీ తరఫున లభించిన వివరణ అని ఆయన వెల్లడించారు. అభిమానమే అదనపు సుంకానికి కారణం కావడం ఆయనకు అవమానంగా తోచింది. అదే సంవత్సరం అక్టోబరులో, రికార్డు కంపెనీతో ఒప్పందం ముగిసి బృందం స్వతంత్రమైందని ప్రకటించారు.

3. ఐదింట ఒకరు: తొలి ప్రయోగం నేర్పిన పాఠం

2007 అక్టోబరులోనే ‘రేడియోహెడ్’ బృందం తన ‘ఇన్ రెయిన్‌బోస్’ ఆల్బమ్‌ను శ్రోతలు తమకు తోచిన వెలకు తీసుకునేలా విడుదల చేసింది. నవంబరులో రెజ్నర్ నిర్మించిన సాల్ విలియమ్స్ ఆల్బమ్ ఇంకొక పద్ధతిలో వచ్చింది. శ్రోత 5 డాలర్లు చెల్లించవచ్చు, లేదా ఉచితంగా తీసుకోవచ్చు. రెండు నెలల తరువాత రెజ్నర్ లెక్కలను బయటపెట్టారు. ఆల్బమ్‌ను తీసుకున్నవారు 1,54,449 మంది. వారిలో డబ్బు చెల్లించినవారు 28,322 మంది. అంటే ఐదుగురిలో ఒకరు కూడా చెల్లించలేదు. ఈ ఫలితం ఆయనను నిరుత్సాహపరిచింది.

ఈ లెక్క ‘ఘోస్ట్స్ 1–4’ విడుదల పద్ధతిని అర్థం చేసుకోవడానికి కీలకం. చెల్లిస్తారా, లేదా అన్న ప్రశ్న శ్రోత నిజాయితీకి పరీక్ష పెడుతుంది. ఆ పరీక్షలో అభిమానికీ, బాటసారికీ మధ్య తేడా తెలియదు. తరువాతి ప్రయోగంలో ప్రశ్న స్వభావమే మారింది. ఈ సంగీతానికి ఎంత దగ్గరగా రాదలచారు అన్నది కొత్త ప్రశ్న.

4. విడుదల, ధరల శ్రేణి

‘ఘోస్ట్స్ 1–4’లో గాత్రం లేని 36 వాద్యఖండికలు ఉన్నాయి. 2007 చివరి నెలల్లో సుమారు పది వారాల్లో రెజ్నర్, ఆటికస్ రాస్, అలన్ మౌల్డర్ వీటిని రూపొందించారు. ఏడ్రియన్ బెల్యూ వంటి అతిథి వాద్యకారులు పాల్గొన్నారు. ఖండికలకు పేర్లు లేవు, వరుస సంఖ్యలు మాత్రమే ఉన్నాయి. మాటలు, పేర్లు లేకపోవడం వల్ల అర్థాన్ని నింపే బాధ్యత శ్రోతపై పడింది. తరువాత జరిగిన పునఃసృష్టికి ఈ ఖాళీయే అనుకూలించింది.

2008 మార్చి 2న, ముందస్తు ప్రచార హడావిడి లేకుండా ఆల్బమ్ అంతర్జాలంలో వెలువడింది. మొదటి తొమ్మిది ఖండికలు ఉచితం. వాటిని బృందమే స్వయంగా ‘పైరేట్ బే’ వంటి టొరెంట్ వేదికలలో ఉంచింది. మొత్తం డిజిటల్ ఆల్బమ్ వెల 5 డాలర్లు, రెండు సీడీల ప్రతి 10 డాలర్లు, ప్రత్యేక ప్రతి 75 డాలర్లు. రెజ్నర్ సంతకంతో, సంఖ్య వేసిన 2,500 విశేష ప్రతుల వెల ఒక్కొక్కటి 300 డాలర్లు. తాకిడికి తొలి గంటల్లోనే వెబ్‌సైట్ తట్టుకోలేకపోయింది. విశేష ప్రతులన్నీ కొద్దిరోజుల్లోనే అమ్ముడుపోయాయి.

మొదటి వారంలో ఉచితంగా తీసుకున్నవీ, కొన్నవీ కలిపి 7,81,917 లావాదేవీలు జరిగాయని, రాబడి 16 లక్షల డాలర్లు దాటిందని బృందం ప్రకటించింది. ఈ రెండు సంఖ్యలూ స్వతంత్ర కళాకారుల విజయానికి నిదర్శనంగా అనేకసార్లు ఉదహరింపబడ్డాయి. కానీ వాటిని విడదీసి చూడవలసిన అవసరం ఉంది. 2,500 విశేష ప్రతుల విలువ 7,50,000 డాలర్లు. అది మొత్తం రాబడిలో దాదాపు 47 శాతం. ఆ ప్రతులు కొన్న లావాదేవీలు మొత్తంలో 0.32 శాతం మాత్రమే. వెయ్యి లావాదేవీలలో మూడు, దాదాపు సగం ధనాన్ని సమకూర్చాయి.

నిజమైన అభిమానులు ఎంతయినా చెల్లిస్తారన్న మాటను 2007లో రెజ్నర్ ఖండించారు. 2008లో ఆయన సొంత విడుదల ఆ మాట వాస్తవమేనని తేల్చింది. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. మొదటి సందర్భంలో అందరికీ ఒకే అధిక ధర నిర్ణయమైంది. చెల్లించలేనివాడు సంగీతానికే దూరమయ్యాడు. రెండవ సందర్భంలో 300 డాలర్లు ఇచ్చినవారూ, 5 డాలర్లు ఇచ్చినవారూ అవే 36 ఖండికలు విన్నారు. అధిక ధర వస్తువుకే గాని వినే హక్కుకు కాదు. అయినప్పటికీ ఈ ఉచితం ఎవరూ ఖర్చు భరించని ఉచితం కాదు. అధికసంఖ్యాకుల ఆస్వాదనకు అల్పసంఖ్యాకుల అనురక్తి మూలధనమైంది. ఇంతటి గాఢాభిమానులను ఇరవై ఏళ్ళలో సంపాదించుకున్న బృందానికి సాధ్యమైనది కొత్త బృందానికి సాధ్యం కాదన్న వాదానికి ఈ లెక్కలు బలమిస్తాయి.

5. పునఃసృష్టి: అభిమానుల శ్రమ

ఆల్బమ్‌ను క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద విడుదల చేయడం మరొక విశేషం. మూలకర్తను పేర్కొనాలి, వాణిజ్య ప్రయోజనానికి వాడరాదు, కొత్తగా రూపొందిన కృతిని అదే షరతులతో ఇతరులకు అందించాలి. ఈ మూడు నియమాలకు లోబడి ఎవరైనా ఈ సంగీతాన్ని పంచవచ్చు, మార్చవచ్చు. విడుదలైన కొద్దిరోజులకే బృందం యూట్యూబ్‌లో చలనచిత్రోత్సవం ప్రకటించి, ఖండికలకు దృశ్యరూపం ఇవ్వవలసిందిగా అభిమానులను ఆహ్వానించింది. రీమిక్స్‌ల కోసం ప్రత్యేక వేదికనూ నిర్వహించింది.

ఈ ధోరణి 2009లో మరింత విస్తరించింది. ‘లైట్స్ ఇన్ ద స్కై’ కచేరీ యాత్రలో చిత్రించిన 400 గిగాబైట్లకు మించిన దృశ్యసామగ్రి ఆ ఏడాది జనవరిలో టొరెంట్ ద్వారా అభిమానులకు చేరింది. అభిమానుల బృందం ఒకటి దాన్ని సంకలనం చేసి ‘అనదర్ వెర్షన్ ఆఫ్ ద ట్రూత్’ అనే పూర్తిస్థాయి కచేరీ చిత్రంగా ఉచితంగా విడుదల చేసింది. ఇందులో ప్రశంస శ్రమరూపం ధరించింది. ఆ శ్రమకు వేతనం లేదు. అయితే దాని ఫలం ఎవరి సొత్తుగానూ మారలేదు. వేతనం లేని శ్రమ దోపిడీయా, కానుకా అన్న ప్రశ్నకు ఇక్కడ లభించే సమాధానం ఫలితం ఎవరికి చెందుతుందన్న అంశంపై ఆధారపడి ఉంది.

6. అనుమతికి ఆవల: ‘ఓల్డ్ టౌన్ రోడ్’

ఆల్బమ్‌లోని ‘34 ఘోస్ట్స్ 4’ అనే ఖండిక గ్రామీ పురస్కారానికి ప్రతిపాదిత జాబితాలో చోటు సంపాదించింది. దాని రెండవ జన్మ మాత్రం దశాబ్దం తరువాత మొదలైంది. నెదర్లాండ్స్‌కు చెందిన యంగ్‌కియో అనే యువ నిర్మాత ఈ ఖండికలోని బాంజో ధ్వనిని ఆధారం చేసుకుని ఒక లయబంధాన్ని రూపొందించి అంతర్జాలంలో అమ్మకానికి పెట్టారు. లిల్ నాస్ ఎక్స్ దాన్ని 30 డాలర్లకు కొని ‘ఓల్డ్ టౌన్ రోడ్’ పాటగా మలిచారు. 2019లో ఆ పాట బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో 19 వారాలు ప్రథమస్థానంలో నిలిచి అప్పటివరకు ఉన్న రికార్డును అధిగమించింది.

2008 నాటి అనుమతి వాణిజ్య వినియోగానికి వర్తించదు. కనుక ఈ పాటకు ఆ అనుమతి రక్షణ కాలేదు. విడిగా ఒప్పందం అవసరమైంది. రెజ్నర్ అభ్యంతరం చెప్పలేదు. ఆయన, రాస్ పాట రచయితలుగా, నిర్మాతలుగా నమోదయ్యారు. ఇక్కడ రెండు అంశాలు గమనార్హం. మొదటిది, ఆల్బమ్‌ను అత్యధిక జనానికి చేర్చిన పునఃసృష్టి అభిమానుల పరిధిలో గాక విపణిలో జరిగింది. రెండవది, ఆ పునఃసృష్టి నిలబడడానికి కారణం లైసెన్స్‌లోని వాక్యం కాదు, హక్కుదారుని సమ్మతి. అదే ధ్వని మరొక హక్కుదారుని చేతిలో ఉంటే పాట భవితవ్యం వేరుగా ఉండే అవకాశం ఉంది. బహిరంగ అనుమతి అభిమానికి స్వేచ్ఛ నిచ్చింది. అభిమాని వృత్తికారుడయ్యే క్షణంలో ఆ స్వేచ్ఛ ముగిసింది.

7. ముగింపు

2008 మే నెలలో ‘ద స్లిప్’ ఆల్బమ్‌ను నైన్ ఇంచ్ నెయిల్స్ పూర్తిగా ఉచితంగా ఇచ్చింది. 2013లో ‘హెసిటేషన్ మార్క్స్’ కోసం తిరిగి పెద్ద రికార్డు కంపెనీని ఆశ్రయించింది. 2020 మార్చిలో కోవిడ్ విజృంభించిన వేళ ‘ఘోస్ట్స్’ వరుసలోని ఐదు, ఆరు భాగాలను శ్రోతలకు ఉచితంగా అందించింది. ఈ ముందువెనుకల నడక ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఉచితం స్థిరమైన వ్యవస్థగా నిలవలేదు; సందర్భాన్నిబట్టి ఇచ్చే కానుకగానే మిగిలింది.

‘ఘోస్ట్స్ 1–4’ ఆదరణ చరిత్రను కేవలం కళాకారుడు మధ్యవర్తులపై సాధించిన విజయంగా చదవడం అసంపూర్ణం. సంతకం ఉన్న ప్రతిని కొన్నవాడు, ఉచితంగా విన్నవాడు, రాత్రులు వెచ్చించి దృశ్యాలు కూర్చినవాడు, ఆ ధ్వనితో జీవనోపాధి వెతుక్కున్నవాడు ఒకే సంగీతాన్ని నాలుగు విధాలుగా ఆదరించారు. వారందరినీ ‘అభిమానులు’ అన్న ఒక్క మాట కిందికి చేర్చితే ఎవరు చెల్లించారో, ఎవరు శ్రమించారో, ఎవరికి హక్కు దక్కిందో మరుగునపడుతుంది. అభిమాన సంస్కృతి అధ్యయనాలు ఉద్వేగాలతోపాటు ఈ లెక్కలనూ నమోదు చేసినప్పుడే ఆదరణ చరిత్ర సమగ్రమవుతుంది.